ప్లీహ మాహాత్మ్యం

మనిషి పొట్టలో ఎడమవైపు, పక్కటెముకల చాటున ఒదిగి ఉండే ప్లీహం పెద్దవారిలో సుమారు 150 గ్రాముల బరువు తూగుతుంది. కాలం తీరిన ఎర్ర రక్తకణాలను ఏరివేయడం, ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవులతో పోరాడే కణాలకు ఆశ్రయమివ్వడం దాని ఉద్యోగం. గుండెలాగా అది రాత్రింబవళ్లు చప్పుడు చేయదు, జీర్ణాశయంలాగా పూటపూటకూ అర్జీలు పెట్టదు. ఇంత అణకువగా కొలువు చేసుకునే అవయవం మీద ఇంగ్లీషువారు కొన్ని శతాబ్దాల పాటు తమ కోపాన్నీ, దిగులునూ, వెర్రినవ్వునూ, చివరికి తమ దేశపు మంచునూ వానలనూ కూడా మోపారు. వారి భాషలో ప్లీహానికి పేరైన 'స్ప్లీన్' అనే మాటే చిరాకుకూ, ఓర్వలేనితనానికీ, కడుపులో దాచుకున్న కక్షకూ పేరైంది. నేటి ఇంగ్లీషు పత్రికల్లో ఫలానా పెద్దమనిషి తన స్ప్లీన్‌ను వెళ్లగక్కాడని చదివినప్పుడు ఎవరూ అంబులెన్సును పిలవనక్కరలేదు. ఆయన సంపాదకుడికి ఘాటైన ఉత్తరం రాశాడని మాత్రమే దాని తాత్పర్యం.

కాలం మారినకొద్దీ ఈ మాట అర్థం మారుతూ వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. నిఘంటువులకు ఉండే మొహమాటాలు వాటికి ఉంటాయి కనుక వాటిని తప్పుపట్టలేము. అయితే పూర్తి గాంభీర్యంతో, ఎవరి మీదా ద్వేషం పెట్టుకోకుండా విచారిస్తే తేలేది వేరొకటి ఉంది. ఈ మాట అర్థం ఏ కాలంలో వాడారన్న దాని కంటే, ఎవరి పొట్టలో ఉన్న ప్లీహం గురించి వాడారన్న దాన్ని బట్టే ఎక్కువగా మారింది. ప్రభువుల పొట్టలో అది మనోధర్మం, కవుల పొట్టలో కావ్యవస్తువు, గుర్రాలవాడి పొట్టలో మాత్రం ఒట్టి మాంసఖండం, అదీ దెబ్బకు తట్టుకోలేని నాసిరకం మాంసఖండం.

మొదట్లో దీనికి తగిన శాస్త్రాధారమే ఉండేది. రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం అనే నాలుగు ద్రవాల తూకం మీదే మనిషి ఆరోగ్యమూ స్వభావమూ నడుస్తాయని గ్రీకు వైద్యులు నమ్మారు. క్రీస్తుశకం 2వ శతాబ్దానికి చెందిన గాలెన్, వీటిలో నల్ల పైత్యాన్ని పీల్చుకుని ఉంచే బాధ్యతను ప్లీహానికి అప్పగించాడు. నల్ల పైత్యం పొంగితే దిగులు కనుక, దిగులుకు జవాబుదారీ ప్లీహమైంది. అంతకు ముందే రోమన్ పండితుడు ప్లినీ, ప్లీహం పరుగుకు అడ్డు తగులుతుందనీ, దాన్ని తీసివేస్తే మనిషికి నవ్వు కూడా పోతుందని కొందరంటారనీ రాసి పెట్టాడు. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ సైతం నవ్వును ప్లీహం ఖాతాలోనే వేసింది. చైనావారు మనిషి కోపస్వభావాన్ని ఇప్పటికీ 'పీచీ' అంటారు, అంటే ప్లీహపు ఊపిరి. ఇవన్నీ చూసి మనం నవ్వడానికి తొందరపడకూడదు. ఎవడైనా వింతగా ప్రవర్తిస్తే 'అది వాడి పైత్యం' అని తేల్చేసే జాతికి, ప్లీహాన్ని నిందించిన జాతిని వెక్కిరించే అర్హత అంతగా లేదు. పైగా మన ప్లీహమూ గ్రీకువారి 'స్ప్లేన్' అనే మాటా ఒకే మూలం నుంచి పుట్టిన దాయాదులు.

షేక్స్‌పియర్ నాటికి ఈ అవయవం ఎంత శ్రమ పడుతున్నదో చెప్పనలవి కాదు. ఆయన నాటకాల్లో ఒకచోట అది ఉడుకు రక్తపు యువకుడి దుందుడుకుతనం, ఇంకొకచోట చీకటిని చీల్చే మెరుపులాంటి క్షణికావేశం, 'ట్వెల్ఫ్త్ నైట్'లో పరిచారిక మరియా నోట పొట్ట చెక్కలయ్యే నవ్వు. 'జూలియస్ సీజర్'లో బ్రూటస్ తన మిత్రుడు కాసియస్‌తో, నీ స్ప్లీన్‌లోని విషాన్ని నువ్వే అరిగించుకో, అది నిన్ను నిలువునా చీల్చినా సరే, ఇకమీదట నీ చిరాకు నాకు నవ్వులాట అంటాడు. అంటే ఒకరి స్ప్లీన్ ఇంకొకరికి వినోదం కావచ్చన్న సూత్రం అప్పటికే స్థిరపడింది. చీల్చడమన్న మాటను మాత్రం పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. లండన్ రంగస్థలం మీద అది అలంకారం. దాదాపు మూడు వందల ఏళ్ల తరువాత ఆగ్రాలో అదే మాట శవపరీక్ష నివేదికలో కనిపిస్తుంది.

ఈ మాటకు స్వర్ణయుగం మాత్రం 18వ శతాబ్దమే. అప్పటికి స్ప్లీన్ ఒక జబ్బు, అందులోనూ హోదా ఉన్నవారికి మాత్రమే పట్టే జబ్బు. ఏ కారణమూ లేకుండా విసుగు, ఏ కష్టమూ లేకుండా నిట్టూర్పు, ఏ పనీ చేయకుండా అలసట దాని ముఖ్య లక్షణాలు. స్త్రీలకు వస్తే దాన్ని 'ఆవిర్లు' అనేవారు. కవయిత్రి ఆన్ ఫించ్ తానే ఆ దిగులుతో బాధపడుతూ, 1701లో అచ్చయిన కవితలో, ఎప్పటికప్పుడు రూపం మార్చే మాయావిగా స్ప్లీన్‌ను నిలదీసింది. తెలివైనవారికే ఈ జబ్బు వస్తుందని విని తెలివితక్కువవారు దాన్ని నటిస్తున్నారనీ, పుట్టుకతో వచ్చిన మందమతిని దాని మీదికి నెడుతున్నారనీ ఆమె గమనించింది. దీని పుణ్యమా అని వైద్యులకు స్త్రీలు చెల్లించే రుసుములు దినదినాభివృద్ధి చెందుతున్నాయన్న సంగతీ ఆమె దృష్టిని దాటిపోలేదు. దేహాలను కోసి చూడడంలో ఆరితేరిన డాక్టర్ రిచర్డ్ లోయర్‌కు కూడా దీని మూలం అంతుచిక్కలేదని ఆమే చెప్పింది. అంతుచిక్కని జబ్బుకే రుసుము ఎక్కువన్నది వైద్యశాస్త్రంలో ఇంతవరకూ ఎవరూ ఖండించని సిద్ధాంతం.

1714లో కవి అలెగ్జాండర్ పోప్ తన పరిహాస కావ్యంలో స్ప్లీన్‌ను ఏకంగా దేవతను చేసి, భూగర్భంలో గుహ కట్టించి, పక్కన పరిచారికలను నిలబెట్టాడు. ఒక ప్రభువు ఒక సుందరి జుట్టుపాయ కత్తిరించినందుకు, ఒక మరుగుజ్జు భూతం ఆ గుహకు వెళ్లి సంచెడు నిట్టూర్పులూ, ఏడుపులూ, నోటి యుద్ధాలూ మోసుకువస్తుంది. తాము టీ పాట్స్‌గా మారిపోయామని భ్రమించేవారు, సీసాలైపోయి బిరడా కోసం కేకలు పెట్టే కన్యలు ఆ గుహలో కనిపిస్తారు. ఒక్క జుట్టుపాయకు ఇంత హడావిడా అని అడగరాదు. ఎవరి జుట్టన్నది ముఖ్యం.

వైద్యులు వెనకబడలేదు. విలియం స్టక్లీ 1723లో ప్లీహం మీద భారీ గ్రంథం వెలువరించాడు. దానికి అనుబంధంగా, లండన్‌లో చనిపోయిన ఒక ఏనుగును కోసి చూసిన వివరాలు కూడా జతపరిచాడు. శాస్త్రానికి ఏనుగు ఎంత అవసరమో తెలియదు గానీ, గ్రంథానికి అది తప్పక బరువు తెచ్చి ఉంటుంది. పదేళ్ల తరువాత, 1733లో, జార్జ్ చేని తన ప్రసిద్ధ గ్రంథానికి 'ఇంగ్లీషు వ్యాధి' అని పేరు పెట్టాడు. ఇతర దేశాలవారు ఎగతాళిగా తగిలించిన పేరును అతడు సగౌరవంగా అట్ట మీదికెక్కించాడు. ఇంగ్లండులో హోదా గలవారి ఆరోగ్య ఫిర్యాదుల్లో దాదాపు మూడో వంతు ఈ కోవవేనని అతని అంచనా. దేశపు తేమగాలి, నేల సారం, బరువైన తిండి, ప్రపంచమంతటితో సాగించిన వ్యాపారం వల్ల ఒళ్లోకి వచ్చిపడిన సంపద, కూర్చున్నచోటు నుంచి కదలనివ్వని వృత్తులు, కిక్కిరిసిన నగరాలు దీనికి కారణాలని అతడు వివరించాడు. మట్టిబుర్రల మోటు మనుషులకు ఈ వ్యాధి పట్టడం అరుదని కూడా హామీ ఇచ్చాడు. తానే ఒక దశలో 32 స్టోన్లు, అంటే 200 కిలోల పైచిలుకు తూగి, పాలూ కూరగాయలతో ఒళ్లు తగ్గించుకున్నవాడు కనుక, అతడు వైద్యం చేసే బాత్ పట్టణంలో అతని మాటకు తిరుగులేకపోయింది. సంపద వల్ల వచ్చిన జబ్బుకు సంపద గలవారే వైద్యం చేయించుకోగలరు కనుక ఏర్పాటు అన్ని విధాలా సక్రమంగా సాగింది.

1755లో తన నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్ మాత్రం కాస్త నిజాయితీ చూపాడు. ప్లీహం వల్ల ఉపయోగమేమిటో సరిగా తెలియదనీ, కోపానికీ దిగులుకూ ఉల్లాసానికీ అది స్థానమని అనుకుంటారనీ రాశాడు. ఒకదానికొకటి పొసగని మూడు భావాలను ఒకే గదిలో అద్దెకుంచిన అవయవం ఇంకొకటి లేదు.

ఈలోగా ఈ జబ్బు ఎగుమతి సరుకైంది. ఇంగ్లీషువారు సుఖంగా ఉంటూ కూడా ఏ కారణమూ లేకుండా ప్రాణాలు తీసుకుంటారని 1748లో ఫ్రెంచి తాత్వికుడు మాంటెస్క్యూ తేల్చి, నేరాన్ని వారి వాతావరణం మీదికి నెట్టాడు. ఫ్రెంచివారు మాటను యథాతథంగా తీసుకున్నారు. 1857లో కవి బోద్‌లేర్ ఒకే సంపుటిలో నాలుగు కవితలకు అదే పేరు పెట్టి దానికి పారిస్ పౌరసత్వం ఇప్పించాడు. రష్యన్ కవి పుష్కిన్ తన కావ్యనాయకుడు ఒనేగిన్‌కు పట్టిన జబ్బు ఇంగ్లీషువారి స్ప్లీన్‌ వంటిదేనని చెప్పి, వెంటనే దానికి స్వదేశీ పేరు కూడా తగిలించాడు. జర్మన్లకు చేరేసరికి మాటలో కోపమంతా ఇగిరిపోయి, వింత అలవాటు అనే సాత్వికమైన అర్థం మిగిలింది. ఎక్కడికి వెళ్లినా దానికి కుర్చీ వేశారు.

ఒక్క భారతదేశంలోనే దానికి కుర్చీ దొరకలేదు, బూటు దొరికింది.

మలేరియా జ్వరం పదేపదే తగిలిన మనిషికి ప్లీహం ఉబ్బి గట్టిపడుతుంది. తెలుగు పల్లెల్లో పెద్దలు దీన్ని 'కడుపులో బల్ల పెరగడం' అనేవారు. 1840ల్లో ఉత్తర భారతంలో కాలువలు తవ్విన ప్రాంతాల్లో జ్వరాలు ఎంతగా ఉన్నాయో తెలుసుకోవడానికి డెంప్‌స్టర్ అనే వైద్యాధికారి ఊళ్లోవారి పొట్టలు తడిమి, ఎందరికి ప్లీహం పెరిగిందో లెక్క కట్టాడు. అలా పుట్టిన 'స్ప్లీన్ రేటు' అనే కొలమానం మలేరియా వైద్యంలో చాలాకాలం చలామణీ అయింది. బాత్ పట్టణంలో స్ప్లీన్ మనిషి హోదాకు కొలమానమైతే, యమునా కాలువ గట్టున అది దోమల జనాభాకు కొలమానమైంది. దోమకూ జ్వరానికీ ఉన్న చుట్టరికం 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలోంచి చూసేదాకా రుజువు కాలేదు కనుక, అంతవరకూ నెపాన్ని చెడుగాలి మీదా, నేటివుల శరీర నిర్మాణం మీదా వేసుకోవడానికి వీలుండేది.

ఇప్పుడు రెండు అర్థాలూ ముఖాముఖి కలుసుకున్న ఘట్టానికి రావాలి. 1875లో ఒక ఆదివారం ఉదయం ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు న్యాయవాది కుటుంబంతో సహా చర్చికి బయలుదేరాడు. బండి సిద్ధమైంది గానీ, గుర్రాలవాడు కత్వారూ వేళకు అక్కడ లేడు. వాడు వచ్చాక ఫుల్లర్ వాడి తల మీదా ముఖం మీదా చేత్తో కొట్టి, జుట్టు పట్టి లాగాడు. వాడు కింద పడ్డాడు. ఫుల్లర్ కుటుంబం చర్చికి వెళ్లిపోయింది. ప్రార్థనకు ఆలస్యం కావడం మంచిది కాదు. కత్వారూ లేచి పక్క ఆవరణలోకి నడిచి, దాదాపు వెంటనే చనిపోయాడు. ప్లీహం పగలడం వల్ల చావు సంభవించిందనీ, ఒక మాదిరి దెబ్బకు గానీ కింద పడడం వల్ల గానీ అది జరిగి ఉండవచ్చనీ శవపరీక్ష తేల్చింది. జాయింట్ మేజిస్ట్రేట్ లీడ్స్ విచారించి, ఫుల్లర్ గాయపరిచిన నేరానికి పాల్పడ్డాడని నిర్ధారించి, 30 రూపాయల జరిమానా, కట్టకపోతే 15 రోజుల సాధారణ ఖైదు విధించాడు. జరిమానా సొమ్ము వితంతువుకు ఇప్పించాడు కూడా, న్యాయానికి కరుణ ఉండదని ఎవరన్నారు?

తీర్పు చదివినవారికి ఒక భాషా సమస్య ఎదురవుతుంది. ఆ ఉదయం ఆగ్రాలో రెండు స్ప్లీన్లు ఉన్నాయి. ఒకటి న్యాయవాదిది, అది పొంగింది. ఇంకొకటి గుర్రాలవాడిది, అది పగిలింది. మొదటిది నిఘంటువు ప్రకారం కోపం కనుక దాన్ని శవపరీక్ష బల్ల మీద పెట్టలేరు. రెండోది నిఘంటువు ప్రకారం అవయవం కనుక దాన్ని కోసి చూసి, అది ముందే చెడిపోయి ఉన్నదని చెప్పవచ్చు. పొంగిన స్ప్లీన్ చేసిన పనికి పగిలిన స్ప్లీన్ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఇలాంటి కేసు ఇదొక్కటే అయితే వైద్య విచిత్రంగా భావించి వదిలేయవచ్చు. కానీ దొర కొట్టడం, నౌకరో కూలీయో చనిపోవడం, ప్లీహం ముందే ఉబ్బి ఉన్నదని డాక్టరు సాక్ష్యం చెప్పడం, దొర స్వల్ప జరిమానాతో ఇంటికి వెళ్లడం అన్న వరుస ఆ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఎన్నోసార్లు పునరావృతమైంది.

చట్టం ఈ సంగతిని ఊహించలేదని కూడా అనలేము. 1860 నాటి భారత శిక్షాస్మృతి 299వ సెక్షన్ మొదటి వివరణలోనే, ఇదివరకే జబ్బుతో ఉన్నవాడికి గాయం చేసి వాడి చావును త్వరపెట్టినవాడు ఆ చావుకు కారకుడిగానే పరిగణింపబడతాడని స్పష్టంగా ఉండేది. అయితే కొట్టినవాడికి ఉద్దేశమో, ఆ దెబ్బ ప్రాణం తీయగలదన్న ఎరుకో ఉండాలని అదే సెక్షన్ కోరేది. ఇక్కడే ఇంగ్లీషువారి జ్ఞాపకశక్తి విశేషం బయటపడుతుంది. నేటివుల ప్లీహాలు ఉబ్బి ఉంటాయనీ, చిన్న దెబ్బకే పగులుతాయనీ క్లబ్బులో ప్రతి దొరకూ తెలుసు, కోర్టులో ప్రతి డాక్టరుకూ తెలుసు. చెయ్యెత్తిన ఆ ఒక్క క్షణంలో మాత్రం ఎవరికీ తెలియదు. అందరికీ తెలిసినది నిందితుడికి ఒక్కడికే తెలియకపోవడం వల్ల చట్టం, వైద్యం, చర్చికి వెళ్లే వేళ మూడూ నిరాటంకంగా సాగాయి.

మన సామెత 'పేదవాడి కోపం పెదవికి చేటు' అంటుంది. పెద్దవాడి కోపం దేనికి చేటో చెప్పకుండా సామెత మర్యాదగా ఆగిపోయింది, ఆ ఖాళీని ఆగ్రా పూరించింది. 'తన కోపమె తన శత్రువు' అని బడిపిల్లలతో వల్లె వేయించిన బద్దెన, సొంతంగా గుర్రాలవాణ్ణి పెట్టుకునే స్తోమత గల కోపాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

నిజం చెప్పాలంటే ఈ తీర్పుకు ఒక ఇంగ్లీషువాడికే గట్టిగా ఒళ్లు మండింది. అప్పుడే వైస్రాయిగా వచ్చిన లిట్టన్, 1876 జూలైలో లీడ్స్‌ను మందలిస్తూ, మెరుగైన విచక్షణ చూపేదాకా అతడికి జిల్లా స్వతంత్ర బాధ్యతను తాత్కాలికంగానైనా అప్పగించరాదని ఉత్తర్వు చేయించాడు. శిక్షలో ప్రత్యేకంగా తప్పుపట్టవలసినదేమీ లేదని భావించిన అలహాబాదు హైకోర్టును కూడా వదలలేదు. దాంతో దేశంలోని ఇంగ్లీషు పత్రికలకు స్ప్లీన్ పొంగింది. న్యాయస్థానాల స్వతంత్రానికి ముప్పు వాటిల్లిందని అవి వాపోయాయి. ఒక గుర్రాలవాడి ప్లీహం పగిలినప్పుడు కదలని స్వతంత్రం ఒక మేజిస్ట్రేట్ పదోన్నతి ఆగినప్పుడు కదిలిపోవడం గమనార్హం. దేశభాషా పత్రికలు మాత్రం లిట్టన్‌ను మెచ్చుకున్నాయి. ఆ మెచ్చుకోలు ఆయనకు ఎక్కువకాలం రుచించలేదు.

1878 మార్చిలో అదే లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ప్రభుత్వం మీద విముఖత రేకెత్తించే రాతలు రాయబోనని పత్రిక నడిపేవాడి చేత పూచీకత్తు రాయించుకునే అధికారం మేజిస్ట్రేటుకు దక్కింది. మాట తప్పితే ముద్రణాయంత్రాన్ని జప్తు చేయవచ్చు, కోర్టుకు వెళ్లి మొరపెట్టుకునే దారి లేదు. ఇంగ్లీషులో వెలువడే పత్రికలకు ఈ చట్టం వర్తించదు. ఒకే కోపం ఇంగ్లీషులో కక్కితే అభిప్రాయం, బెంగాలీలో కక్కితే రాజద్రోహం. కలకత్తాలోని అమృతబజార్ పత్రిక సూక్ష్మం గ్రహించి ఉన్నపళంగా ఇంగ్లీషు పత్రికగా మారిపోయి, తన స్ప్లీన్‌ను శరీర శాస్త్రం నుంచి సాహిత్యానికి బదిలీ చేయించుకుంది.

దక్షిణాదికి ఆ చట్టం వర్తించలేదు. 1874 నుంచి వివేకవర్ధని పత్రికను నడుపుతూ, రాజమండ్రిలో స్థానిక ఉద్యోగుల లంచాలను పేరుపేరునా ఎండగడుతున్న కందుకూరి వీరేశలింగం పంతులుగారి దగ్గరికి పూచీకత్తు కాగితం రాలేదు. మద్రాసు రాజధానిలోని తెలుగు సంపాదకుల ప్లీహాలు ఆరోగ్యంగా ఉన్నాయని సర్కారువారు నమ్మారో, ఉంటే ఉన్నాయిలెమ్మని ఊరుకున్నారో, అసలు వారికి ఆ అవయవం ఉంటుందనే అనుకోలేదో మాత్రం దస్త్రాలకెక్కలేదు.